టెలీ కిట్ బాగుంది, తీగల ఎత్తే కొంప ముంచింది

ముందే చెప్పేస్తున్నా, విడి భాగాలుగా వచ్చి మనమే బిగించుకునే ఈ ఎలక్ట్రిక్ గిటార్ కిట్ కొనుక్కోవచ్చు. కాకపోతే అమ్మే పేజీలో "బిగించండి, వాయించండి" అన్నట్టు రాశారు చూడండి, అది మాత్రం నమ్మొద్దు. బిగించడం ఓ పూట పని. వాయించేలా చెయ్యడం వేరే పని, పెట్టెలో వచ్చిన కాగితంలో దాని గురించి ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ఈ రివ్యూలో సగానికి పైగా తీగల ఎత్తు గురించే రాస్తున్నా. రంగు, సౌండు, లుక్కు కావాల్సినవాళ్లకి వీడియోలు బోలెడున్నాయి.

ఫెండర్ కంపెనీ టెలీకాస్టర్ (టెలీ) గిటార్ ఆకారంలో ఉండే కిట్ ఇది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే సరుకు ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో, నాలుగైదు రేట్లతో తిరుగుతోంది, ఫోటోలు కూడా అవే. నాకు 12 వేలకి కాస్త లోపు పడింది. బాడీ, నెక్ (మెడ), బ్రిడ్జ్ (బాడీ మీద తీగల్ని మోసే పళ్లెం), పికప్‌లు (తీగ మోతని పట్టే అయస్కాంతాలు), బిరడాలు, స్క్రూల పొట్లం, ఒక సెట్టు తీగలు (అవి పక్కన పారేసి 10-46 మందం సెట్టు వేసుకోండి). బాడీ ఏ చెక్కో చెప్పలేదు గానీ బరువు తక్కువ, కన్నాలన్నీ సరిగ్గా వేసి ఉన్నాయి. నెక్ మేపుల్, ఫ్రెట్లు (వీణ మెట్లలాంటి లోహపు కడ్డీలు) ముందే కొట్టి ఉన్నాయి, వాటి అంచులు చేతికి గుచ్చుకోలేదు, ఈ ధరకి అది పెద్ద విషయమే. వైరింగ్ దాదాపు అంతా క్లిప్పులే, టంకం పని చాలా తక్కువ. రంగు మాత్రం కంచరపాలెంలో కార్లకి స్ప్రే కొట్టే షెడ్డులో వేయించాను, ఆకుపచ్చ, అడగ్గానే "ఇదేం బండి పార్టు అన్నా" అన్నాడు ఆ కుర్రాడు. నెక్‌కి ఫర్నిచర్ వాళ్లు వాడే శాండింగ్ సీలర్ మీద పల్చగా మెలమైన్ పాలిష్. వైజాగ్‌లో ఉంటూ పచ్చి మేపుల్ నెక్‌ని అలాగే వదిలేస్తే ఈ సముద్రపు తేమకి అది ఎటు వంగుతుందో దానికే తెలీదు, కాబట్టి ఈ పని వాయిదా వెయ్యకండి.

ఇంతవరకూ అంతా హ్యాపీ. తీగలు వేసి శ్రుతి చేశాక మొదలైంది అసలు కథ. స్టీల్ స్కేలు పెట్టి 12వ ఫ్రెట్ దగ్గర కొలిస్తే లావు తీగ 3 మి.మీ. దాటి ఉంది, సన్న తీగ కూడా దాని వెనకాలే. చూడ్డానికి వచ్చిన మా ఫ్రెండ్ "ఒరేయ్, ఈ తీగల కిందనుంచి షేర్ ఆటో వెళ్లిపోద్దిరా" అన్నాడు. ఎఫ్ కార్డ్ పట్టుకుంటే వేళ్లు నొప్పి పుట్టడం సరే, పట్టుకున్నా అపశ్రుతే. తీగ ఎంత ఎత్తులో ఉంటే నొక్కేటప్పుడు అంత సాగుతుంది, సాగితే స్వరం పైకి పోతుంది, అంటే ట్యూనర్‌లో పచ్చ లైటు చూసుకుని శ్రుతి చేసినా కార్డ్ పట్టగానే అంతా గోవిందా. కొత్తగా నేర్చుకునే పిల్లాడికి ఈ గిటార్ ఇలాగే చేతికిస్తే లోపం తన వేళ్లలోనే ఉందనుకుని మానేస్తాడు.

ఎంత ఉండాలి అంటే, ఫెండర్ వాళ్ల సెటప్ లెక్కలో 17వ ఫ్రెట్ దగ్గర కొలుస్తారు, 9.5 నుంచి 12 అంగుళాల రేడియస్ (ఫ్రెట్‌బోర్డ్ గుండ్రం) ఉన్న నెక్‌కి రెండు వైపులా 1.6 మి.మీ. చెబుతారు. 12వ ఫ్రెట్ దగ్గర కొలిచే అలవాటున్నవాళ్లు లావు తీగకి 2, సన్న తీగకి 1.5 దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. గట్టిగా కొట్టి వాయించేవాళ్లు ఇంకో పావు మి.మీ. ఎక్కువే ఉంచుకోండి.

చాలామంది ఇక్కడే ఎలెన్ కీ తీసుకుని బ్రిడ్జ్ మీద శాడిల్స్ (తీగలు ఆనుకునే చిన్న దిమ్మలు) దింపేస్తారు. అలా దింపితే బాడీ వైపు ఫ్రెట్లలో బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలే జీర) వస్తుంది, బిరడాల వైపు ఎత్తు అలాగే ఉంటుంది, రెండు వైపులా నష్టం. వరస ఒకటుంది: ముందు నెక్, తర్వాత నట్ (నెక్ కొసన, బిరడాల దగ్గర తీగలు ఆనే ముక్క), తర్వాతే బ్రిడ్జ్. ఒకటి కదిపితే దాని తర్వాతవన్నీ మారతాయి కాబట్టి ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తారు.

నెక్ సంగతి. ఫ్రెట్‌బోర్డ్ కర్ర గీసినట్టు తిన్నగా ఉండకూడదు, తీగ ఊగడానికి జాగా ఉండేలా అతి కొద్దిగా ముందుకి వంగి ఉండాలి, దీన్నే రిలీఫ్ అంటారు. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఆఖరి ఫ్రెట్ దగ్గర లావు తీగని నొక్కి పట్టుకుని, 8వ ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు కొలవాలి. 0.25 మి.మీ. ఉంటే బాగున్నట్టు. ఇంత సన్న సందు కొలవడానికి గిటార్ టూల్ అని చెప్పి ఆన్‌లైన్‌లో వేలు తగలేయకండి, బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజే ఇది, ఏ ఆటో స్పేర్స్ కొట్లో అడిగినా ఇస్తారు. స్టీల్ ప్లాంటూ షిప్‌యార్డూ ఉన్న ఊరు మనది, ప్రతి వీధిలో ఒక ఫిట్టర్ ఉంటాడు, అడిగితే వాడుకుని ఇమ్మని ఇచ్చేస్తాడు కూడా. నా కిట్‌లో ఈ సందు 0.6 వచ్చింది. ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) బిగించే మరకి 4 మి.మీ. ఎలెన్ కీ పట్టింది. సవ్యదిశలో తిప్పితే రాడ్ బిగిసి నెక్ వెనక్కి లాగుతుంది, సందు తగ్గుతుంది. పావు చుట్టుకి మించి ఒక్కసారిగా తిప్పొద్దు, తిప్పాక మళ్లీ శ్రుతి చేసి, కాసేపు వదిలేసి, అప్పుడు కొలవండి. రాడ్ మొరాయిస్తే బలం చూపించకండి, అది తెగితే నెక్ చెత్తబుట్టకే. ఈ కిట్‌లో రాడ్ మెత్తగా తిరిగింది, ఈ విషయంలో కంపెనీవాళ్లకి పూర్తి మార్కులు.

నట్‌కి మాత్రం సున్నా. పల్చటి ప్లాస్టిక్ ముక్క, లోపల బోలు, తీగలు కూర్చునే గాళ్లు పైపైన గీసి వదిలేశారు. కంపెనీవాళ్లకి అదే సేఫ్ లెండి, లోతు ఎక్కువైతే రిటర్న్ వస్తుంది, తక్కువైతే కొన్నవాడు తంటాలు పడతాడు. ఈ లోపాన్ని నాకంటే ముందు పట్టుకున్నది మా అత్త. సీతమ్మధారలో ఉంటుంది, విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మనిషి, ఎలక్ట్రిక్ గిటార్‌ని ఎప్పుడూ చేత్తో ముట్టుకోలేదు. నేను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక స్వరం నొక్కితే పక్క గదిలోంచి వచ్చింది.

"ఒరేయ్, ఊరికే నొక్కావా, గమకం వేశావా?"

"ఊరికే నొక్కానత్తా."

"మరి శ్రుతి అలా ఎగిరిందేటి?"

అంతే, ట్యూనర్ పెట్టి చూస్తే ఆవిడ చెప్పిందే. మొదటి రెండు మూడు ఫ్రెట్లలో స్వరం దారుణంగా హెచ్చుతోంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతోంది. ఇది నట్ ఎత్తుగా ఉండటానికి పక్కా గుర్తు, ఎందుకంటే నట్‌కి దగ్గరగా నొక్కినప్పుడే తీగ ఎక్కువ వంగాలి. వీణ అయితే మైనం మీద కూర్చున్న మెట్లు, తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ సర్దుకుంటారు, 24 మెట్లనీ అలా సర్దే పనివాళ్లు బొబ్బిలి వైపు ఇప్పటికీ ఉన్నారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలోకి కొట్టేసినవి, కదలవు, కాబట్టి మనం మార్చగలిగింది తీగ ఎత్తే.

నట్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష: తీగని 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. తీగ ఫ్రెట్‌ని తాకీ తాకనట్టు, కాగితం ముక్క ఇరికేంత సందుతో ఉండాలి. వేలితో తడితే టిక్‌మని చిన్న చప్పుడు రావాలి. అసలు చప్పుడే రాకపోతే గాడి మరీ లోతైపోయినట్టు, సందు కంటికి బాగా కనిపిస్తుంటే ఎత్తుగా ఉన్నట్టు. నా దాంట్లో ఆ సందులోంచి అవతలి గోడ కనిపించింది.

గాళ్లు లోతు చెయ్యడానికి అసలైన నట్ ఫైళ్ల సెట్టు కొంటే గిటార్ ధరలో సగం దానికే అవుతుంది. గాజువాక ఆటోనగర్ వైపు వెల్డింగ్ సామాన్లు అమ్మే కొట్లలో గ్యాస్ నాజిల్ క్లీనర్ అని చిన్న సెట్టు దొరుకుతుంది, రకరకాల మందాల్లో గరుకు తీగలు, కత్తిలా మడిచి పెట్టుకునే డబ్బాలో. నాలుగు లావు తీగల గాళ్లకి అవి భేషుగ్గా పనికొస్తాయి. సన్న తీగలు రెండింటికీ అవి లావైపోతాయి, వాటికి ఫీలర్ గేజ్‌లో సన్న రేకు తీసుకుని 600 నంబరు ఉప్పుకాగితం మడతపెట్టి రాసుకోవడమే. గాడి అడుగు బిరడాల వైపు కొంచెం వాలుగా ఉండాలి, తీగ నట్ ముందు అంచు మీదే కూర్చోవాలి, లేకపోతే సితార్‌లా జీరగా మోగుతుంది. రెండు రాపులు రాయడం, తీగ వెయ్యడం, శ్రుతి చెయ్యడం, చూడటం, మళ్లీ తియ్యడం. విసుగొస్తుంది, కానీ తొందరపడే పని కాదిది. ఒకవేళ గాడి లోతైపోతే కంగారు పడక్కర్లేదు, గాడిలో చిటికెడు వంటసోడా వేసి మీద ఒక బొట్టు ఫెవిక్విక్ వదిలితే క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, మళ్లీ గాడి కోసుకోవచ్చు. పని అయ్యాక గాళ్లలో పెన్సిల్ ముల్లు రుద్దండి, శ్రుతి చేసేటప్పుడు తీగ పట్టేసి టక్కున జారే గోల తగ్గుతుంది.

ఇక బ్రిడ్జ్. 1950ల మొదట్లో వచ్చిన పాత టెలీల్లో ఇత్తడి శాడిల్స్ మూడే, ఒక్కోదాని మీద రెండేసి తీగలు, వింటేజ్ పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ దానికోసం కొట్టుకుంటారు. ఈ కిట్‌లో ఆరు శాడిల్స్ ఇచ్చారు, ఇంట్లో కూర్చుని సెట్ చేసుకునేవాడికి ఇదే సుఖం, ప్రతి తీగ ఎత్తూ విడివిడిగా చూసుకోవచ్చు. ఒక్కో శాడిల్‌కి రెండు చిన్న స్క్రూలు, 1.5 మి.మీ. ఎలెన్ కీ. పెట్టెలో ఇచ్చిన కీ వదులు, స్క్రూలేమో మెత్తటి ఇనుము, రెండూ కలిసి మొదటి రోజే ఒక స్క్రూ తల అరిగిపోయింది. దీనికి తోడు మన గాలి. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, కిటికీ చువ్వలే ఆగవు, ఈ స్క్రూలెంత. కొన్న కొత్తలోనే వాటిని పారేసి, అవే కొలతల్లో స్టెయిన్‌లెస్ గ్రబ్ స్క్రూలు (ఎం3 సైజు) నట్టుబోల్టుల కొట్లో తెచ్చుకోండి, మొత్తం కలిపినా టిఫిన్ ఖర్చంత. బిగించే ముందు కుట్టుమిషను నూనె ఒక చుక్క.

దింపేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి శాడిల్ 1 మి.మీ. దింపితే అక్కడ తగ్గేది అర మి.మీ. మాత్రమే. నాకు 12వ ఫ్రెట్ దగ్గర ఇంకా దాదాపు ముప్పావు మి.మీ. తగ్గాలి, అంటే శాడిల్స్ మి.మీ.న్నర దిగాలి. అవి చూస్తే బ్రిడ్జ్ పళ్లేనికి ఆనుకుపోవడానికి ఇంకా కొంచెమే ఉంది. ఇక్కడే కిట్ అసలు లోపం బయటపడింది. నెక్ విప్పి చూస్తే, బాడీలో నెక్ కూర్చునే గుంత అడుగున ఫ్యాక్టరీలో కొట్టిన సీలర్ ఒక పక్క గడ్డకట్టి ఉంది, దాంతో నెక్ కొద్దిగా ముందుకి వాలి కూర్చుంటోంది. నేను రంగు వేయించేటప్పుడు గుంతకి మాస్కింగ్ టేపు వేయించాను, ఇది మా కుర్రాడి పని కాదు, పెట్టెలోంచి వచ్చిందే. ఆ గడ్డని ఉలితో గీకి చదును చేశాక సగం బాధ పోయింది.

మిగతా సగానికి షిమ్. గుంతలో బ్రిడ్జ్ వైపు అంచున సన్నటి చీలిక పెడితే నెక్ మడమ లేచి, తల వెనక్కి వాలుతుంది, ఫ్రెట్‌బోర్డ్ తీగలకి దగ్గరవుతుంది, శాడిల్స్ పైకి లేపుకునే వీలొస్తుంది. ఫెండర్ వాళ్ల లెక్క ప్రకారం 0.25 మి.మీ. షిమ్ పెడితే శాడిల్స్ ఎత్తుకోవడానికి దాదాపు 0.8 మి.మీ. జాగా వస్తుంది, ఇంత చిన్న ముక్కకి ఇంత ఫలితం అంటే మొదట నేనూ నమ్మలేదు. మా ఇంట్లో శుభలేఖలకి కొదవలేదు, మంచి గట్టి అట్ట ఉన్నది చూసి కత్తిరించాను. కాగితం పెడితే సౌండ్ చచ్చిపోతుందనీ, గుంత మొత్తం పరుచుకునే చెక్క షిమ్మే పెట్టాలనీ వాదించేవాళ్లున్నారు. నా చెవికి ఏ తేడా తెలియలేదు, మా అత్త చెవికి కూడా తెలియలేదు, ఆ చెవి మీద నాకు నమ్మకం ఎక్కువ. నెక్ నాలుగు స్క్రూల మీద నిలబడే డిజైన్ కావడం వల్లే ఇదంతా ఇంట్లో సాధ్యమైంది, అతికించిన నెక్ అయితే ఆలోచన కూడా చెయ్యొద్దు.

ఇప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ 2, సన్న తీగ 1.5, మధ్య తీగలు ఫ్రెట్‌బోర్డ్ గుండ్రానికి తగ్గట్టు కాస్త ఎత్తుగా. శ్రుతి నిలబడుతోంది, ఎఫ్ కార్డ్ పట్టుకుంటే కార్డ్‌లాగే మోగుతోంది. మూడో తీగ మీద 14వ ఫ్రెట్ దగ్గర మాత్రం జీర ఉంది. తీగ ఎత్తుతో పోయే జీర కాదది. నొక్కకుండా వాయిస్తేనే జీర వస్తే నట్, కింది ఐదు ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ తిన్నగా ఉన్నట్టు, పైనంతా వస్తే శాడిల్స్ తక్కువైనట్టు. ఒక్క చోటే వస్తే ఆ పక్కన ఏదో ఒక ఫ్రెట్ లేచి ఉన్నట్టు. పాత ఏటీఎం కార్డు అంచుని వరసగా మూడు ఫ్రెట్ల మీద ఆనించి ఊపితే 15వ ఫ్రెట్ దగ్గర టకటకలాడింది. సుత్తితో మెల్లగా తట్టాను, కొంత తగ్గింది. పూర్తిగా పోవాలంటే ఫ్రెట్లు లెవెల్ చేయించాలి. ఆంప్‌లో వినబడదు కాబట్టి ప్రస్తుతానికి వదిలేశా.

ఎత్తు కుదిరాక ఇంటొనేషన్ చూసుకోవాలి. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం, అక్కడే తీగని ఊరికే తాకి వాయించే హార్మోనిక్ రెండూ ఒకటవ్వాలి. నొక్కింది హెచ్చితే శాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకి. తీగల ఎత్తు మారింది కాబట్టి పికప్‌ల ఎత్తు కూడా సరిచూసుకోవాలి, ఆఖరి ఫ్రెట్ నొక్కి చూస్తే 2 మి.మీ. దగ్గర దూరం ఉండేలా. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి స్వరం వణుకుతుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, సెటప్‌కి ఇచ్చేయొచ్చుగా అంటారా? ఊళ్లో ఒక కొట్టుకి తీసుకెళ్లాను. "కిట్ గిటార్లా సార్, గ్యారంటీ ఇవ్వలేం" అని, కేసు జిప్పు కూడా తియ్యకుండానే రేటు చెప్పారు. ఆ రేటు కిట్ ధరలో పావు వంతు. పనితనం ఉన్నవాళ్లయితే ఆ రేటు తీసుకుంటే తీసుకోవచ్చు, కానీ ట్రస్ రాడ్ దాకా చూడకుండా శాడిల్స్ మాత్రం దింపి ఇచ్చేవాళ్లకి డబ్బు పొయ్యకండి. ఇచ్చే ముందు "రిలీఫ్ ఎంత పెడతారు" అని అడగండి, నోట్లోంచి అంకె వస్తే ఇవ్వండి.

మార్కులు వేయమంటే: నెక్‌కి ఐదుకి నాలుగున్నర, బాడీకి నాలుగు (ఆ గుంత కోసం కోత), పికప్‌లకి మూడు, బ్రిడ్జ్‌కి రెండున్నర, నట్‌కి ఏమీ లేదు. సూచనల కాగితం చైనా భాష నుంచి ఎవరో నిద్రలో అనువాదం చేసినట్టుంది. వచ్చే నెల వాయించే ప్రోగ్రాం ఉన్నవాళ్లు, మొదటి గిటార్ కొనేవాళ్లు దీని జోలికి పోకండి, అదే డబ్బుకి తయారైన గిటార్ సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చేతులు దురదపెట్టే బాపతు అయితే నిక్షేపంగా కొనండి. ఆర్డర్ పెట్టేటప్పుడే ఎముకతో చేసిన ఖాళీ నట్ ఒకటి కూడా తెప్పించుకోండి. నెక్ వెడల్పు నట్ దగ్గర 42 మి.మీ., గాడి వెడల్పు మాత్రం కొలుచుకున్నాకే తీసుకోండి, రెండు రకాలు అమ్ముతున్నారు.